కలకత్తాలో పుట్టిన వైర్‌లెస్: గెలీనా రాయి నుంచి రేడియో చిప్ దాకా



సైన్యంలో ఏ ఆర్మ్‌లో పనిచేసినా, ఏ ట్రేడ్‌లో ఉన్నా, వైర్‌లెస్ సెట్‌తో పని పడనివారు మనలో ఎవరూ ఉండరు. వీపు మీద మోసినవాళ్ళం కొందరం, జీపులో పెట్టుకుని తిరిగినవాళ్ళం కొందరం. సెట్ పలికినంతసేపూ దాని గురించి ఎవరూ ఆలోచించరు. పలకడం మానేసిన నిమిషం నుంచి మాత్రం కంపెనీ కమాండర్ దగ్గర నుంచి చివరి జవాను వరకు అందరికీ అదే ధ్యాస. కొండ మీద పోస్టుకు, కింద ఉన్న హెడ్‌క్వార్టర్‌కు మధ్య ఆ ఒక్క దారమే ఉంటుంది మరి.

ఆ సెట్ లోపల ఏముంటుంది, అది ఎవరు కనిపెట్టారు, ఎవరు తయారు చేస్తున్నారు అనే విషయం మీద మన సంచికలో ఒక వ్యాసం ఉంటే బాగుంటుందనిపించింది. ఇందుకు ఇంకో కారణం కూడా ఉంది. ఈ కథ మొదలైనది మనం ఉంటున్న కలకత్తా నగరంలోనే. ఈస్టర్న్ కమాండ్ ఉన్న ఫోర్ట్ విలియం, అంటే ఇప్పుడు విజయ్ దుర్గ్ అని పేరు మార్చిన కోట నుంచి కాలేజ్ స్ట్రీట్‌కు బస్సులో కొద్ది దూరమే. అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక చిన్న గదిలో ఇది మొదలయింది.

బోసు మాస్టారి చిన్న గది

జగదీశ్ చంద్ర బోసు గారు 1858 నవంబరు 30న జన్మించారు. కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో, ఆ తరువాత ఇంగ్లండులో కేంబ్రిడ్జ్‌లో చదువుకుని 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ మాస్టారుగా చేరారు. ఆ రోజుల్లో ఒకే ఉద్యోగానికి ఇంగ్లీషువాడికి ఒక జీతం, మనవాడికి అంతకన్నా తక్కువ జీతం. బోసు గారు పని మానలేదు, కానీ ఆ తక్కువ జీతం ముట్టుకోలేదు. మూడేళ్ళపాటు జీతం లేకుండానే పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి పూర్తి జీతం బకాయిలతో సహా ఇచ్చింది.

జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త 1880 దశకం చివర్లో విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని ప్రయోగం చేసి చూపించారు. బోసు గారు 1894లో ఆ పని చేపట్టారు. గది చిన్నది, పరికరాలు లేవు. ఒక తగరపు పనివాడిని కూర్చోబెట్టుకుని తనకు కావలసినవి తానే చేయించుకున్నారు. పెద్ద తరంగాలతో చిన్న గదిలో ప్రయోగం కుదరదు కాబట్టి తరంగాన్నే చిన్నది చేశారు. ఐదు మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను పుట్టించారు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే అది 60 గిగాహెర్ట్జ్. మిగతా ప్రపంచం ఆ బ్యాండులోకి రావడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది.

1895లో కలకత్తా టౌన్ హాలులో జనం ముందు ఆయన చేసిన ప్రదర్శన చాలామంది విని ఉంటారు. తీగ ఏదీ లేకుండానే గోడల అవతల ఉన్న గంట మోగింది, కాస్త తుపాకి మందు పేలింది. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అక్కడి పెద్ద శాస్త్రవేత్తల ఎదుట ఇవే పరికరాలు చూపించారు. తరంగాన్ని పట్టడానికి ఆయన వాడిన గరాటు లాంటి గొట్టాన్నే ఇప్పుడు హార్న్ యాంటెన్నా అంటున్నాం.

ఇంకో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. తరంగాలను ఒక దిశలో వడకట్టడానికి ఆయన వాడిన వస్తువుల్లో ఒకటి బ్రాడ్‌షా రైల్వే టైం టేబుల్ పుస్తకం. దాని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి ప్రయోగం చేశారు. రెండవది జనపనార. పీచును మెలిపెట్టి కట్టలుగా పేర్చి, ఆ కట్టల గుండా తరంగం పోతే దాని దిశ తిరుగుతుందని 1898లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. టీటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లుల్లో మన తెలుగువాళ్ళు కొన్ని తరాలుగా చెమటోడ్చారు. బస్తాలు నేసే ఆ నారే ప్రపంచంలోని మొదటి మైక్రోవేవ్ ప్రయోగాల్లో పనిముట్టు అయిందని మన పిల్లలకు చెప్పాలి.

గేటు దగ్గర సంత్రీ

వైర్‌లెస్‌లో అన్నిటికన్నా కష్టమైనది వచ్చిన తరంగాన్ని గుర్తుపట్టడం. యాంటెన్నాలో పుట్టే కరెంటు సెకనుకు లక్షలసార్లు, కోట్లసార్లు ముందుకు వెనక్కు ఊగుతుంది. ఊగినంతా ఊగి మొత్తం కలిపితే సున్నా. అందులోని కబురు బయటికి రావాలంటే ఒకవైపు పోయేదాన్ని పోనిచ్చి, రెండోవైపు వచ్చేదాన్ని ఆపేసేవాడు కావాలి. గేటు దగ్గర సంత్రీ లాంటివాడన్నమాట. ఆ సంత్రీ పేరే డిటెక్టర్.

మొదట్లో ఈ పనికి గాజు గొట్టంలో లోహపు పొడి పోసి వాడేవారు. తరంగం తగిలితే పొడి అతుక్కునేది, మళ్ళీ కబురు అందాలంటే గొట్టాన్ని తట్టి విడగొట్టాలి. బోసు గారు ఇనుము, పాదరసం కలిపి, దానంతట అదే మళ్ళీ సిద్ధమయ్యే డిటెక్టర్ చేసి 1899లో ఆ సంగతి ప్రచురించారు. అంతటితో ఆగలేదు. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్కకు లోహపు మొన తాకించి ఇంకో డిటెక్టర్ చేశారు. గెలీనా మనకు కొత్త వస్తువు కాదు. పల్నాడులోని అగ్నిగుండాల దగ్గర బండలమొట్టు కొండలో దొరికే సీసపు ఖనిజం ఇదే.

ఈ గెలీనా డిటెక్టర్‌కు 1901 సెప్టెంబరు 30న అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1904 మార్చి 29న 755840 నంబరుతో మంజూరయింది. సెమీ కండక్టర్ వస్తువు మీద ప్రపంచంలో ఇచ్చిన మొదటి పేటెంటుగా దీన్ని చెబుతారు. ఇప్పుడు మన జేబులో ఉన్న సెల్‌ఫోన్‌లోని చిప్‌కు ముత్తాత ఆ రాయి ముక్కే.

ఆ పేటెంటు కూడా ఆయన ఇష్టపడి తీసుకున్నది కాదు. సిస్టర్ నివేదిత, సారా బుల్ అనే అమెరికన్ శ్రేయోభిలాషి వెంటపడితే ఒప్పుకున్నారు. 1901లో లండన్‌లో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితాలతో ఆయన గదికే వచ్చి లాభంలో వాటా ఇస్తానన్నాడు. జ్ఞానం అమ్ముకునేది కాదని బోసు గారు వెనక్కి పంపేశారు. ఈ సంగతి ఆయనే రవీంద్రనాథ్ ఠాగూరు గారికి ఉత్తరంలో రాశారు. గెలీనా పేటెంటును కూడా తరువాత గడువు తీరిపోనిచ్చారు. క్రమంగా ఆయన మనసు మొక్కల మీదికి మళ్ళింది. 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1937 నవంబరు 23న కన్నుమూశారు.

మార్కోనీ మాట

మనవాళ్ళు నలుగురు కూడినచోట ఈ విషయం వస్తే, మార్కోనీ మన బోసుగారిది కాజేశాడనే మాట తప్పకుండా వస్తుంది. ఇందులో ఎంత నిజమో చూద్దాం. 1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండు నుంచి అట్లాంటిక్ సముద్రం దాటించి న్యూఫౌండ్‌లాండ్‌లో సంకేతం అందుకున్నాడు. అప్పుడు వాడిన పాదరసపు డిటెక్టర్ ఇటలీ నౌకాదళం ద్వారా అతనికి చేరింది. దాని మూలం బోసు గారి 1899 నాటి వ్యాసమేనని ప్రొబీర్ బంద్యోపాధ్యాయ్ గారు 1998లో ఐఈఈఈ పత్రికలో ఆధారాలతో చూపించారు. కావున బోసు గారికి రావలసిన పేరు ఆ రోజు రాలేదన్నది నిజం.

అయితే రెండో సగం కూడా చెప్పుకోవాలి. బోసు గారు తరంగం స్వభావం తెలుసుకోవాలనుకున్నారు. మార్కోనీ కబురు పంపాలనుకున్నాడు. అతను కంపెనీ పెట్టాడు, ఓడల మీద సెట్లు బిగించాడు, ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చాడు, చెడిపోతే బాగుచేసే ఏర్పాటు చేశాడు. కనిపెట్టిన వస్తువు సిపాయి చేతికి, నావికుడి చేతికి రావాలంటే ఇవన్నీ జరగాలి. కలకత్తాలో మొదటి మెట్టు ఎక్కాం. తరువాతి మెట్లు కట్టుకునే ఫ్యాక్టరీలు గానీ, పెట్టుబడి గానీ, మనదనే ప్రభుత్వం గానీ పరాయి పాలనలో మనకు లేవు. మార్కోనీని తిట్టుకుంటూ కూర్చుంటే ఈ అసలు సంగతి మరుగున పడిపోతుందని నా అభిప్రాయం.

పగలు ఫ్రీక్వెన్సీ, రాత్రి ఫ్రీక్వెన్సీ

రెండో మెట్టు కట్టినవారు శిశిర్ కుమార్ మిత్రా గారు. 1890లో పుట్టారు. ఫ్రాన్స్‌లో మేడమ్ క్యూరీ ప్రయోగశాలలో, ఆ తరువాత నాన్సీ నగరంలో పనిచేస్తూ వైర్‌లెస్ మీద మనసుపడ్డారు. మన యూనివర్సిటీలో కూడా ఈ చదువు పెట్టాలని అక్కడి నుంచే సర్ ఆశుతోష్ ముఖర్జీ గారికి రాశారు. ఆయన సరే అన్నారు. 1923లో తిరిగి వచ్చి కలకత్తా యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో వైర్‌లెస్ ప్రయోగశాల పెట్టి, ఎం.ఎస్సీ. విద్యార్థులకు ఆ పాఠం చెప్పడం మొదలుపెట్టారు. దేశంలో రేడియో ప్రసారాలు సరిగా మొదలుకాకముందే ఆ కాలేజీ నుంచి 2సీజెడ్ అనే పేరుతో ప్రయోగాత్మక స్టేషన్ నడిచింది.

సిగ్నల్స్‌లో పనిచేసినవారికి హెచ్‌ఎఫ్ సెట్‌లో పగలు ఒక ఫ్రీక్వెన్సీ, రాత్రి ఒక ఫ్రీక్వెన్సీ ఎందుకు ఇస్తారో అనుభవం మీద తెలుసు. ఆకాశంలో సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి పైకి, ఎండ వల్ల విద్యుత్తు పట్టిన గాలి పొరలు ఉంటాయి. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. అందులో డి పొర తరంగాన్ని మింగేస్తుంది. ఆ పైన ఇ పొర, ఎఫ్ పొర తరంగాన్ని వంచి కిందికి పంపుతాయి. పొద్దుగూకితే డి పొర మాయమవుతుంది, పై పొరలు పలచబడతాయి. అందుకే రాత్రిపూట తక్కువ ఫ్రీక్వెన్సీ మీద దూరపు స్టేషన్ బాగా వినిపిస్తుంది. పగటి ఫ్రీక్వెన్సీనే పట్టుకుని కూర్చుంటే తరంగం పొరను చీల్చుకుని పైకి పోతుంది, కింద సెట్ మూగబోతుంది. మిత్రా గారు, వారి శిష్యులు 1930లో కలకత్తా ఆకాశం మీద ఈ ఇ పొరను ప్రయోగం చేసి పట్టుకున్నారు. ఆయన రాసిన ది అప్పర్ అట్మాస్ఫియర్ అనే గ్రంథాన్ని 1947లో ఏషియాటిక్ సొసైటీ అచ్చువేసింది. ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసేవారందరూ చదివిన పుస్తకమది.

మన విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు ఈ అయనోస్ఫియర్ పరిశోధనలోనే పేరు తెచ్చుకున్నారు. కలకత్తాలో వెలిగించిన దీపం నుంచి తూర్పు తీరమంతా వత్తులు వెలిగాయన్నమాట.

1949లో మిత్రా గారి కృషితో కలకత్తా యూనివర్సిటీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియో ఫిజిక్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. బోసు గారు వెళ్ళిపోతే ఆయన మైక్రోవేవ్ పని ఆగిపోయింది. 1963లో మిత్రా గారు వెళ్ళిపోయినా ఆయన పని ఆగలేదు, ఎందుకంటే ఆయన ఒక బడి కట్టి వెళ్ళారు. ఆ బడిలోనే ఆచార్య బి.ఆర్. నాగ్ గారు సెమీ కండక్టర్లలో ఎలక్ట్రాన్లు ఎలా పరుగెడతాయనే విషయం మీద పరిశోధన చేసి 1974లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు.

వోల్టేజే అంకె

ఇదే నగరంలో, బారానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1953లో సమరేంద్ర కుమార్ మిత్రా గారి ఆధ్వర్యంలో ఒక అనలాగ్ కంప్యూటర్ తయారయింది. పది తెలియని రాశులున్న సమీకరణాలను అది విప్పేది. దేశంలోనే తయారైన మొదటి ఎలక్ట్రానిక్ అనలాగ్ కంప్యూటర్ అది. తరువాత 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ యూనివర్సిటీ కలిసి ట్రాన్సిస్టర్లతో ఐఎస్‌ఐజేయూ అనే కంప్యూటర్ నిర్మించాయి.

అనలాగ్ అంటే ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. డిజిటల్‌లో స్విచ్ వేసి ఉందా, ఆపి ఉందా అన్నంతవరకే చూస్తారు. అనలాగ్‌లో వోల్టేజే అంకె. ఎంత ఉందో అంతా లెక్కే. అంతా డిజిటల్ అయిపోయింది కదా అనుకుంటాం గానీ, యాంటెన్నా మాత్రం ఇప్పటికీ అనలాగే. గాలిలోంచి వచ్చే సంకేతం ఒక వోల్టులో పదిలక్షల వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. జాతరలో ఎవరో చెవిలో గుసగుసలాడినట్టు ఉంటుంది. ఆ గుసగుసను గోల కలవకుండా పెద్దది చేయాలి, పక్క స్టేషన్లను వడకట్టాలి, సెట్‌లోనే పుట్టించిన ఇంకో తరంగంతో కలిపి కిందికి దించాలి. అప్పుడుగానీ డిజిటల్ భాగం చేతికి అందదు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో ట్రాన్సిస్టర్ వచ్చింది. 1958లో జాక్ కిల్బీ అనేక భాగాలను ఒకే ముక్క మీద చేసి చూపించారు. దాన్నే చిప్ అంటున్నాం. లారీలో మోసిన సెట్ వీపు మీదికి, అక్కడి నుంచి చేతిలోకి వచ్చింది దీని వల్లే. అయితే డిజిటల్ చిప్ గీయడం ఒక ఎత్తు, రేడియో చిప్ గీయడం ఇంకో ఎత్తు. గిగాహెర్ట్జ్‌లలో చిప్ మీద చిన్న తీగ వంపు కూడా ఒక కాయిల్ లాగా ప్రవర్తిస్తుంది. చూసి కాపీ కొట్టేద్దామంటే కుదరదు. ఏళ్ళ తరబడి అనుభవం ఉన్న మనుషులు కావాలి, వాళ్ళు గీసినదాన్ని చేసి చూపించే ఫౌండ్రీ కావాలి.

భగవంతం గారు, మన హైదరాబాదు

ఇక్కడే మన తెలుగువారి పాత్ర వస్తుంది. సూరి భగవంతం గారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి 1928లో కలకత్తా వచ్చి, బౌబజార్‌లోని ఇండియన్ అసోసియేషన్‌లో సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఉండి, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు.

ఆ సంవత్సరాలు ఎలాంటివో మనకు తెలుసు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన ముందు దళాల చేతుల్లో ఎక్కువగా రెండవ ప్రపంచ యుద్ధం నాటి సెట్లే ఉన్నాయి. కబురు అందక, ఆలస్యంగా అంది జరిగిన నష్టం సైనిక చరిత్ర చదివినవారు ఎరుగుదురు. 1954లోనే మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్‌ను ఆ తరువాత బాగా పెంచారు. హైదరాబాదులో రక్షణ ప్రయోగశాలలు ఒకదాని వెంట ఒకటి వెలసింది ఆ దశకంలోనే. వాటిలో డీఎల్‌ఆర్‌ఎల్ అనేది ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలకు పెట్టింది పేరు. 1967లో ఈసీఐఎల్ కూడా హైదరాబాదులోనే మొదలయింది.

సెట్ మనది అయింది గానీ, లోపలి చిప్ విషయంలో మాత్రం ఎదురుచూపు తప్పలేదు. మొహాలీలో సెమీ కండక్టర్ కాంప్లెక్స్ 1984లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్ళీ లేచేసరికి ప్రపంచం చాలా ముందుకు పోయింది.

రాడార్, వైర్‌లెస్‌లకు కావలసిన చిప్‌లలో మాత్రం ఒక మంచి పని జరిగింది. సిలికాన్‌లో కన్నా గాలియం ఆర్సెనైడ్ అనే పదార్థంలో ఎలక్ట్రాన్లు వేగంగా పరుగెడతాయి. ఈ పదార్థంతో మైక్రోవేవ్ చిప్‌లు చేసే గేటెక్ అనే ఫౌండ్రీని డీఆర్‌డీఓ హైదరాబాదులో నెలకొల్పింది. దాని తరువాతి తరం గాలియం నైట్రైడ్. ఎక్కువ వేడిని, ఎక్కువ వోల్టేజిని తట్టుకుంటుంది. ఢిల్లీలోని సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లాబొరేటరీ ఈ చిప్‌ల తయారీ పద్ధతిని సొంతంగా సాధించిందని, గేటెక్‌లో పరిమితంగా ఉత్పత్తికి వీలుందని 2024లో ప్రభుత్వం ప్రకటించింది. అదే సంవత్సరం మార్చిలో గుజరాత్ ధొలేరాలో పెద్ద చిప్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. సెప్టెంబరులో గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే అమెరికా కంపెనీ కలకత్తాలో చిప్ పరిశోధన కేంద్రం పెడుతుందని రెండు దేశాలూ కలిసి ప్రకటించాయి.

సిపాయికి దీనితో ఏం పని

ఇదంతా సైంటిస్టుల గొడవ, మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఇంటర్ చదివి సైన్యంలో చేరిన నాలాంటివాడికి దీనిలో అర్థమైనది ఇంతే. బయటి దేశం చిప్ అయితే, వాళ్ళు ఇచ్చినన్నాళ్ళే మన సెట్ పలుకుతుంది. వాళ్ళు ఆ మోడల్ మానేస్తే స్పేర్ ఉండదు. యుద్ధం వచ్చినప్పుడు ఇవ్వం అంటే అడిగే దిక్కు ఉండదు. దాని లోపల ఇంకేం పెట్టారో విప్పి చూసినా కంటికి కనబడదు. రైఫిల్ బోల్ట్ ఎవరో తాళం వేసి పెట్టుకుంటే మనం ఒప్పుకుంటామా? వైర్‌లెస్ కూడా ఆయుధమే.

బోసు గారి దగ్గర తెలివి ఉంది, తయారీ లేదు. మిత్రా గారు మనుషులను తయారు చేశారు. భగవంతం గారి కాలంలో ప్రయోగశాలలు వచ్చాయి. మిగిలింది ఫౌండ్రీ. ఈ నాలుగూ ఒకచోట కలవడానికి నూట ఇరవై ఏళ్ళు దాటింది. బోసు గారి 60 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఇప్పుడు వైఫై నడుస్తోంది. 2022 వేలంలో మన దేశంలో 5జీకి ఇచ్చిన 26 గిగాహెర్ట్జ్ కూడా ఆయన గదిలో పుట్టించిన తరంగాల పరిధిలోనిదే. మొదటి ప్రయోగం చేసిన దేశం ఆ చిప్‌ను కొనుక్కుంటూ ఉండిపోకూడదు.

కలకత్తాలో ఉన్న మన సభ్యులకు ఒక మనవి. సెలవు రోజున పిల్లలను తీసుకుని రాజాబజార్ వెళ్ళండి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులో 92వ నంబరు మిత్రా గారి సైన్స్ కాలేజీ. ఆ పక్కనే 93/1 బోస్ ఇన్‌స్టిట్యూట్, అక్కడి మ్యూజియంలో బోసు గారి అసలు పరికరాలు భద్రంగా ఉన్నాయి. కాలేజ్ స్ట్రీట్ వైపు వెళితే ప్రెసిడెన్సీలో 2012లో ఐఈఈఈ సంస్థ ఈ మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలకు మైలురాయి గుర్తింపు ఇచ్చిన సంగతి కూడా చెప్పండి. మన పిల్లల్లో చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వైపే చూస్తున్నారు. అనలాగ్, రేడియో చిప్ చదువు కష్టం, నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, మొదట్లో జీతం తేడా కూడా ఉండవచ్చు. అయినా వందమందిలో ఒక్కరు ఆ దారి పట్టినా, రేపు ఏదో ఒక పోస్టులో కూర్చున్న మన జవాను చేతిలోని సెట్ మన చిప్‌తో పలుకుతుంది.

జై హింద్.